53 మంది, ఒక్క పద్దు: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జీతాల పరిమితి కింద జట్టు కట్టడం

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. 2025లో ఒక్కో జట్టుకు ఆటగాళ్ల జీతాల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. దీన్నే క్యాప్ అంటారు. 1994లో ఈ పద్ధతి మొదలైనప్పుడు అది 3.46 కోట్లే. బాస్కెట్‌బాల్‌లోలాగా అదనపు పన్ను కట్టి పరిమితి దాటే వెసులుబాటు ఇక్కడ లేదు. పద్దు మించితే కొత్త ఒప్పందాన్ని లీగ్ కార్యాలయం ఆమోదించదు, అంతే.

మనకు తెలిసిన ఐపీఎల్‌తో పోలిస్తే తేడా చప్పున అర్థమవుతుంది. 2025 మెగా వేలానికి ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయలు ఇచ్చారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్, కమిన్స్, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్, నితీశ్ కుమార్ రెడ్డి ఐదుగురినీ 75 కోట్లకు అట్టిపెట్టుకుని, మిగిలిన 45 కోట్లతో వేలానికి కూర్చుంది. అక్కడ ఒకరికి ఎంత ఇస్తే సంచిలోంచి అంతా ఒకేసారి తగ్గుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం చేతికిచ్చే సొమ్ము వేరు, పద్దులో రాసే అంకె వేరు. ఈ మార్చిలో ఒకరికి 2 కోట్లు చేతికిచ్చి, పద్దులో ఏడాదికి 40 లక్షల చొప్పున ఐదేళ్లు రాసుకోవచ్చు. అయితే ఇచ్చిన ప్రతి డాలరూ ఏదో ఒక ఏడు పద్దెక్కి తీరుతుంది. మాయమయ్యేది ఏదీ లేదు. కాబట్టి జట్టు పద్దు చూసే ఈ ఉద్యోగంలో అడుగడుగునా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఆటగాడి ఖర్చు ఏ ఏటి జట్టు మోయాలి?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఆదివారాలు మ్యాచ్‌లు చూసేవాళ్లకు, వీడియో గేముల్లో జట్టు నడిపేవాళ్లకు, "మా జట్టు ఈయన్ని ఎందుకు వదిలేసింది" అని తలపట్టుకునేవాళ్లకు పనికొచ్చేలా మొత్తం పనిని వరస ప్రకారం కింద ఇస్తున్నాం. అంకెలన్నీ డాలర్లలోనే, కోట్లు, లక్షల్లో రాశాం. అక్కడివాళ్ల 10 మిలియన్లు మన ఒక కోటి.

మొదటి మెట్టు: చేతిలో నిజంగా ఎంతుందో తేల్చుకోండి

లీగ్ 2025కు ప్రకటించిన 27.92 కోట్లు అందరికీ ఒకటే, కానీ ఏ రెండు జట్ల అసలు పరిమితీ ఒకటి కాదు. నిరుడు వాడకుండా మిగిల్చుకున్నది ఈ ఏటికి కలుస్తుంది. నిరుటి బోనస్ లక్ష్యాల సర్దుబాట్లు కలుస్తాయి లేదా తగ్గుతాయి. వెళ్లిపోయిన ఆటగాళ్ల పేరిట మిగిలిపోయిన పద్దు, అంటే డెడ్ మనీ, తీసేయాలి. ఒక ఊహా జట్టును తీసుకుని లెక్క వేద్దాం.

ప్రకటిత క్యాప్: 27.92 కోట్లు
నిరుటి మిగులు: +1.10 కోట్లు
బోనస్ సర్దుబాటు: −0.12 కోట్లు
ఈ జట్టు అసలు పరిమితి: 28.90 కోట్లు
డెడ్ మనీ: −3.40 కోట్లు
పై 51 మంది పద్దు: −23.30 కోట్లు
మిగిలింది: 2.20 కోట్లు

"పై 51" ఏమిటంటే, మార్చి మధ్యలో లీగ్ కొత్త సంవత్సరం మొదలైనప్పటి నుంచి సెప్టెంబరులో సీజన్ మొదలయ్యే దాకా జట్టులో 90 మంది దాకా ఉండొచ్చు. వాళ్లలో ఎక్కువ పద్దున్న 51 మందినే పూర్తిగా లెక్కిస్తారు. మిగతావాళ్ల బోనస్ వాటా మాత్రం లెక్కలోకి వస్తుంది. సీజన్ మొదలవగానే ఈ సడలింపు పోతుంది. అప్పుడు అసలు జట్టులోని 53 మంది, ప్రాక్టీస్ స్క్వాడ్ (జట్టుతో సాధన చేస్తూ పక్కన ఉండే ఆటగాళ్లు), గాయాల జాబితాలో ఉన్నవాళ్లు అందరూ పద్దులోకి వస్తారు. మార్చిలో 2.20 కోట్లూ ఖర్చు చేసిన జట్టు సెప్టెంబరులో ఇరుక్కునేది ఇక్కడే. అందుకే ముందుగానే ఇవి పక్కన పెట్టండి.

ప్రాక్టీస్ స్క్వాడ్‌లో 16 మంది. 2025లో కనీస వేతనం వారానికి 13,000 డాలర్లు. 18 వారాలకు ఒకరికి 2.34 లక్షలు, అందరికీ కలిపి 37.44 లక్షలు. అనుభవజ్ఞులను పెట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. 52, 53వ ఆటగాళ్లు కొత్తవాళ్లే అయినా కనీస జీతం 8.4 లక్షల చొప్పున 16.8 లక్షలు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ఏటేటి కార్యక్రమంలో, వచ్చే కొత్తవాళ్లకు నికరంగా 35 లక్షలు అనుకుందాం. నికరంగా అని ఎందుకంటున్నామంటే, మొదటి ఏడు 30 లక్షల పద్దున్న కుర్రాడు లోపలికి వస్తే 51వ స్థానంలో ఉన్న 9.6 లక్షల ఆటగాడు లెక్కలోంచి జారిపోతాడు. పెరిగేది 20.4 లక్షలే. చివరి రౌండ్లలో వచ్చేవాళ్ల వల్ల వేసవి లెక్క దాదాపు కదలదు. ఆ పైన గాయాల నిధి. మేమైతే 70 లక్షలకు తగ్గకుండా ఉంచమంటాం. గాయాల జాబితాలోకి వెళ్లిన ఆటగాడి జీతం పద్దులోంచి పోదు, అతని స్థానంలో తెచ్చుకున్నవాడి జీతం దాని మీద పడుతుంది. ఒకే స్థానానికి రెండు జీతాలన్నమాట.

ఇవన్నీ తీసేస్తే 2.20 కోట్లు కాస్తా 60 లక్షలవుతుంది. మార్చి బజారుకు మీరు తీసుకెళ్లాల్సిన సొమ్ము ఆ 60 లక్షలే.

రెండో మెట్టు: ప్రతి ఒప్పందాన్నీ ముక్కలు చేసి చదవండి

పత్రికల్లో వచ్చే "నాలుగేళ్లకు 6 కోట్లు" అన్న మాటతో మీకు పనిలేదు. ఆ 6 కోట్లు ఏ రూపంలో, ఏ తేదీకి, ఎంత హామీతో వస్తున్నాయో కావాలి. ఉదాహరణకు ఈ ఒప్పందం చూడండి. సంతకం బోనస్ 2 కోట్లు. మూల జీతాలు వరసగా 20 లక్షలు, 1 కోటి, 1.3 కోట్లు, 1.5 కోట్లు. మొదటి రెండేళ్ల జీతానికి హామీ ఉంది.

సంతకం బోనస్ ఆటగాడికి తొలి ఏడాదే అందుతుంది. పద్దులో మాత్రం ఒప్పంద కాలం మీద సమానంగా పరుస్తారు, అయిదేళ్లకు మించి పరచకూడదు. ఇక్కడ నాలుగేళ్లు కాబట్టి ఏటా 50 లక్షలు. అప్పుడు క్యాప్ హిట్, అంటే ఆ ఏడు పద్దులో పడే అంకె, ఇలా ఉంటుంది:

మొదటి ఏడు: 20 + 50 = 70 లక్షలు
రెండో ఏడు: 1.0 + 0.5 = 1.5 కోట్లు
మూడో ఏడు: 1.3 + 0.5 = 1.8 కోట్లు
నాలుగో ఏడు: 1.5 + 0.5 = 2.0 కోట్లు

ఇప్పుడు ప్రతి ఏటి ఎదురుగా ఇంకో గడి గీసి, "ఈ ఏడు మొదట్లో వదిలేస్తే ఎంత మీద పడుతుంది" అని రాయండి. ఆటగాడిని వదిలేస్తే ఇంకా పద్దెక్కని బోనస్ వాటాలన్నీ ఒక్కసారిగా ఈ ఏటి మీద పడతాయి, హామీ ఇచ్చిన జీతం కూడా. రెండో ఏడు మొదట్లో వదిలేస్తే 1.5 కోట్ల బోనస్, 1 కోటి హామీ జీతం కలిపి 2.5 కోట్లు. ఉంచుకుంటే 1.5 కోట్లే. అంటే ఎంత నచ్చకపోయినా రెండో ఏడు అతను మీ జట్టులోనే ఉంటాడు. మూడో ఏడు మొదట్లో వదిలేస్తే డెడ్ మనీ 1 కోటి, ఉంచుకుంటే 1.8 కోట్లు, అంటే 80 లక్షలు మిగులుతాయి. తలుపు తెరుచుకునేది అక్కడ. పేరుకు నాలుగేళ్ల ఒప్పందమే గానీ మీ దృష్టిలో ఇది రెండేళ్ల ఒప్పందం, ఆ పై రెండేళ్లు మీ ఇష్టం. ఈ రెండో గడి లేని పట్టిక దేనికీ పనికిరాదు.

మిగతా ముక్కల్లో రెండిటి మీద కన్నేసి ఉంచండి. ఒకటి రోస్టర్ బోనస్. లీగ్ కొత్త సంవత్సరంలో మూడో రోజునో అయిదో రోజునో జట్టులో ఉంటే ఇంత అని రాస్తారు. ఏజెంట్లు దీన్ని అడిగేది ఊరికే కాదు. వదిలేసే ఉద్దేశముంటే ఆ తేదీకి ముందే వదిలేయాల్సి వస్తుంది, ఇతర జట్ల దగ్గర ఇంకా డబ్బున్నప్పుడే ఆటగాడు బజారులోకి వెళ్తాడు. రెండోది ప్రతిభకు కట్టిన బోనస్‌లు. నిరుడు అందుకున్న లక్ష్యమైతే "లైక్లీ" అని ఇప్పుడే పద్దులో రాస్తారు. నిరుడు 900 గజాలు పరుగెత్తినవాడికి 1,000 గజాలకు బోనస్ పెడితే అది "అన్‌లైక్లీ", ఇప్పుడు సున్నా. సాధించేస్తే వచ్చే ఏటి పరిమితిలో కోస్తారు. మ్యాచ్‌కు ఇంత అని ఇచ్చే బోనస్‌కూ ఇదే సూత్రం. నిరుడు 17లో 12 మ్యాచ్‌లు ఆడినవాడికి 12 మ్యాచ్‌ల మొత్తమే ముందు లెక్కిస్తారు. తరచూ గాయపడే ఆటగాడితో ఒప్పందం రాసేటప్పుడు జట్టుకు ఇంతకంటే మంచి రక్షణ దొరకదు.

మూడో మెట్టు: జాగా చేసుకోవడం, ఏ వరసలో

జాగా కావాలంటే దారులు అయిదు: జీతం తగ్గించమని అడగడం, గడువు పొడిగించడం, రీస్ట్రక్చర్, వదిలేయడం, వేరే జట్టుకు ఇచ్చేయడం. ఎక్కువ జట్లు తేలికని రీస్ట్రక్చర్‌తో మొదలుపెడతాయి. మా సలహా వేరు. ముందు, లేకపోయినా జట్టుకు నష్టం లేని ఆటగాళ్లను వదిలేయండి. తర్వాత వయసు మీరిన అనుభవజ్ఞులను జీతం తగ్గించుకోమని అడగండి. ఎలాగూ అట్టిపెట్టుకోవాలనుకున్న కుర్రాళ్ల గడువు పొడిగించండి. రీస్ట్రక్చర్ చివర్లో, అదీ అవసరమైనంతే.

రీస్ట్రక్చర్ అంటే ఈ ఏటి మూల జీతాన్ని కనీస జీతం దాకా కుదించి, మిగతాది బోనస్‌గా ఇప్పుడే చేతికిచ్చి, పద్దులో రాబోయే ఏళ్ల మీద పరచడం. ఆటగాడికి ఒక్క డాలరూ తగ్గదు, పైగా ముందే అందుతుంది. అందుకే చాలా ఒప్పందాల్లో ఆటగాడి అనుమతి మళ్లీ అడగకుండానే ఇలా మార్చుకునే హక్కు జట్టుకు రాసి ఉంటుంది.

పై ఉదాహరణలో మూడో ఏటి జీతం 1.3 కోట్లు. 2025 లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరు సీజన్లు ఆడినవాడి కనీస జీతం 11.7 లక్షలు. మార్చగలిగింది 118.3 లక్షలు. రెండేళ్లే మిగిలాయి కాబట్టి ఏడాదికి 59.15 లక్షలు. ఈ ఏడు 59.15 లక్షలు మిగులుతాయి, వచ్చే ఏటి హిట్ 2 కోట్ల నుంచి 2.59 కోట్లకు ఎగబాకుతుంది. ఇంకా జాగా కావాలనుకుంటే చివర మూడు ఉత్తుత్తి సంవత్సరాలు తగిలిస్తారు. వీటిని వాయిడ్ ఇయర్స్ అంటారు. ఆటగాడు ఆ ఏళ్లలో ఆడడు, బోనస్ పరచడానికి గడులు దొరుకుతాయంతే. అప్పుడు 118.3 లక్షలు అయిదు భాగాలై ఏడాదికి 23.66 అవుతుంది. ఈ ఏడు 94.64 లక్షలు మిగులుతాయి. నాలుగో ఏటి హిట్ 2.24 కోట్లే. కానీ ఆ ఏడు అయిపోగానే ఒప్పందం రద్దయి, మిగిలిన మూడు వాటాలూ కలిపి 70.98 లక్షలు అయిదో ఏటి జట్టు నెత్తిన పడతాయి. అప్పటికి ఆ ఆటగాడు మీ దగ్గర ఉండడు.

ఇంకో నష్టం కంటికి తొందరగా కనబడదు. రీస్ట్రక్చర్‌కు ముందు నాలుగో ఏడు మొదట్లో అతన్ని వదిలేస్తే 1.5 కోట్లు మిగిలేవి. ఇప్పుడు డెడ్ మనీ 50 లక్షల నుంచి 1.45 కోట్లకు పెరిగింది, మిగిలేది 79 లక్షలే. అంటే ఈ ఏటి జాగాతో పాటు రేపటి స్వేచ్ఛనూ అమ్ముకున్నారు. అందుకని 26, 27 ఏళ్ల వయసుండి, ఇంకో మూడేళ్లు మీ దగ్గరే ఉంటాడని నమ్మకమున్న ఆటగాడితోనే ఈ పని చేయండి. మోకాలి శస్త్రచికిత్స అయిన 32 ఏళ్ల రిసీవర్‌తో (విసిరిన బంతిని అందుకునేవాడు) చేస్తే అప్పు చేసి పప్పుకూడే. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు) టామ్ బ్రేడీ ఆట మానేశాక 2023లో టాంపా బే పద్దులో ఆయన పేరిట దాదాపు 3.51 కోట్లు ఉన్నాయి. అయితే ఆ అప్పు 2020 సీజన్ ట్రోఫీ గెలిచిన జట్టును నిలబెట్టుకోవడానికి చేసింది. గెలుపు దగ్గరలో ఉందని తెలిసినప్పుడు చేసే అప్పును మేం తప్పుపట్టం. ఏడో స్థానంలో ఉన్న జట్టు అదే పని చేస్తే తప్పే.

"క్యాప్ ఏటా పెరుగుతుంది కదా, రేపటి డాలరు చవకే కదా" అనే వాదనలో నిజముంది. 2024లో 25.54 కోట్లు, 2025లో 27.92. కానీ స్టేడియాలు ఖాళీగా ఉన్న 2020 తర్వాత క్యాప్ 19.82 కోట్ల నుంచి 18.25కు పడిపోయింది. ఆ ఏటికి ఖర్చులు నెట్టి పెట్టుకున్న జట్లు మంచి ఆటగాళ్లను వదులుకోవాల్సి వచ్చింది. అందుకే రాబోయే ఏళ్ల పట్టికలో క్యాప్ పెరుగుదలను తక్కువగానే వేసుకోండి.

జూన్ 1 గీత

ఆటగాడిని జూన్ 1 తర్వాత వదిలేస్తే ఈ ఏటి బోనస్ వాటానే ఈ ఏడు ఉంటుంది, మిగతావన్నీ వచ్చే ఏటికి పోతాయి. మార్చిలోనే వదిలేస్తూ, ఇద్దరిదాకా "జూన్ 1 తర్వాత వదిలేసినట్టు" గుర్తు పెట్టుకునే వీలు ప్రతి జట్టుకూ ఉంది. మన ఉదాహరణలో మూడో ఏడు ఇలా చేస్తే ఈ ఏడు డెడ్ మనీ 50 లక్షలు, మిగులు 1.3 కోట్లు, వచ్చే ఏడు మరో 50 లక్షలు.

చాలామంది పొరపడేది ఇక్కడే. గుర్తు పెట్టినా జూన్ 1 దాటేదాకా అతని పూర్తి హిట్ 1.8 కోట్లూ మీ పద్దులోనే ఉంటుంది. ఆ డబ్బుతో మార్చిలో ఎవర్నీ కొనలేరు. డ్రాఫ్ట్ కుర్రాళ్ల సంతకాలకు, ప్రాక్టీస్ స్క్వాడ్‌కు, గాయాల నిధికి అది సరిగ్గా సరిపోతుంది. ఆటగాడిని మరో జట్టుకు ఇచ్చేసేటప్పుడు ఈ గుర్తు పనిచేయదు. నిజంగానే జూన్ 1 దాటేదాకా ఆగాలి.

డెన్వర్ 2024 మార్చిలో రసెల్ విల్సన్‌ను ఈ గుర్తుతోనే వదిలేసింది. మొత్తం డెడ్ మనీ 8.5 కోట్లు, 2024లో 5.3, 2025లో 3.2 కోట్లుగా పడింది. ఒక ఆటగాడు లేకుండా అంత భారం మోస్తూనే ఆ జట్టు 2024లో ప్లేఆఫ్స్‌కు చేరింది. ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో డ్రాఫ్ట్‌లో వచ్చిన బో నిక్స్ తక్కువ జీతానికి ఆడాడు. డెడ్ మనీని తట్టుకునే మార్గం దాదాపు ఎప్పుడూ అదే.

ఇచ్చిపుచ్చుకునే వ్యవహారంలో ఆటగాడి బోనస్ వాటాలు పాత జట్టు దగ్గరే ఉండిపోతాయి. కొత్త జట్టు మూల జీతమే మోస్తుంది. 2022లో మ్యాట్ రయన్‌ను ఇండియానాపొలిస్‌కు ఇచ్చేసిన అట్లాంటా పద్దులో 4.05 కోట్ల డెడ్ మనీ మిగిలింది. ఇది తెలిస్తే కొనే పక్షాన బేరం ఎలా ఆడాలో కూడా తెలుస్తుంది. మంచి ఆటగాడు, పెద్ద బోనస్ అప్పటికే చెల్లించేశారు, మూల జీతం తక్కువ. అలాంటివాడి కోసం ఒక డ్రాఫ్ట్ ఎంపిక ఎక్కువిచ్చినా నష్టం లేదు.

నాలుగో మెట్టు: ఎవరికి ఎంత

డాలర్లలో ఆలోచించకండి, శాతాల్లో ఆలోచించండి. 2 కోట్లంటే 2021లో క్యాప్‌లో 11 శాతం, 2025లో 7.2 శాతం.

జట్టు స్వరూపాన్ని తేల్చేది క్వార్టర్‌బ్యాక్ జీతం. డ్రాఫ్ట్‌లో తీసుకున్నవారందరికీ నాలుగేళ్ల ఒప్పందం, జీతం ఎంపికయిన క్రమాన్ని బట్టి దాదాపు ముందే ఖరారై ఉంటుంది, మూడో సీజన్ పూర్తయ్యేదాకా దాన్ని తిరగరాయకూడదు. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర, 262వ వాడిగా వచ్చిన బ్రాక్ పర్డీ శాన్‌ఫ్రాన్సిస్కోను లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కు తీసుకెళ్లిన ఏడాది అతని పద్దు పది లక్షలకు లోపే. మిగతా స్థానాల్లో ఖరీదైన ఆటగాళ్లను నిలబెట్టుకోగలిగింది అందువల్లే. 2025లో అతనికి అయిదేళ్లకు 26.5 కోట్ల ఒప్పందం వచ్చింది. ఇక ఆ జట్టు పాత పద్ధతిలో నడవడం కుదరదు. చవక క్వార్టర్‌బ్యాక్ ఉన్న మూడు నాలుగేళ్లలో బయటి ఆటగాళ్ల మీద ఖర్చు చేయండి, కానీ వాళ్ల హామీలన్నీ కుర్రాడి పెద్ద ఒప్పందం మొదలయ్యే ఏటికి ముగిసేలా రాయండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక చెదిరిపోయిన జట్లు చాలా ఉన్నాయి.

క్వార్టర్‌బ్యాక్ జీతం పెద్దదయ్యాక కాన్సస్ సిటీ చేసింది చూడండి. 2020లో ప్యాట్రిక్ మహోమ్స్‌కు పదేళ్ల పొడిగింపు ఇచ్చారు, ఎప్పుడు ఇరుకైతే అప్పుడు ఆ ఒప్పందంలోంచి జాగా తీసుకునేలా. 2022లో రిసీవర్ టైరీక్ హిల్ ధర పెరగగానే అయిదు డ్రాఫ్ట్ ఎంపికలకు మయామీకి ఇచ్చేశారు. ఆ సీజన్, ఆ మరుసటి సీజన్ రెండూ గెలిచారు. అభిమానులకు కష్టంగా ఉంటుంది గానీ, రెండో పెద్ద జీతాన్ని వదులుకుని నలుగురు చవక కుర్రాళ్లను తెచ్చుకోవడం చాలాసార్లు సరైన బేరం. హామీల విషయంలో దీనికి భిన్నమైన దారి క్లీవ్‌లాండ్ తొక్కింది. 2022లో డెషాన్ వాట్సన్‌కు అయిదేళ్లకు 23 కోట్లు, మొత్తం హామీతో ఇచ్చి, తర్వాత పదేపదే రీస్ట్రక్చర్ చేసింది. హామీ పూర్తిగా ఉన్నప్పుడు మన పట్టికలోని రెండో గడిలో తలుపు ఎక్కడా తెరుచుకోదు.

మొదటి రౌండ్ ఆటగాళ్లకు అయిదో ఏడు కూడా పొడిగించుకునే హక్కు జట్టుకుంది. మూడో సీజన్ తర్వాత మే మొదట్లోగా చెప్పాలి, చెప్పిన క్షణం నుంచి ఆ జీతానికి పూర్తి హామీ. గాయం అనుమానమున్న కుర్రాడి విషయంలో వైద్యుల మాట విన్నాకే చెప్పండి.

జట్టు అడుగుభాగాన్ని నింపడానికి ఒక మంచి నియమం ఉంది. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ సీజన్లు ఆడినవాడితో ఒక ఏడాదికి కనీస జీతపు ఒప్పందం రాస్తే, పద్దులో రెండేళ్ల అనుభవమున్నవాడి కనీస జీతమే పడుతుంది. 2025లో ఏడేళ్లు దాటినవాడు 12.55 లక్షలు అందుకుంటాడు, మీ పద్దులో 10.3 లక్షలే. ఎనిమిది మందిని ఇలా తీసుకుంటే 18 లక్షలు మిగులుతాయి.

ట్యాగ్, మార్చి బజారు

గడువు ముగిసే ఒక్క ఆటగాడిని ఫ్రాంచైజ్ ట్యాగ్‌తో ఏడాదిపాటు ఆపుకోవచ్చు. జీతం అతని స్థానంలో అగ్ర అయిదుగురి జీతాల మీద కట్టిన అంకె, లేదా అతని పాత జీతానికి 120 శాతం, ఏది ఎక్కువైతే అది. బోనస్ లేదు కాబట్టి మొత్తం ఈ ఏటి పద్దులోనే పడుతుంది. ట్యాగ్ వేయడమంటే జూలై మధ్యలోగా దీర్ఘకాల ఒప్పందం కుదుర్చుకోవడానికి సమయం కొనుక్కోవడమే. ఆ గడువు దాటితే ఆ సీజన్ అయ్యేదాకా దీర్ఘకాల ఒప్పందం రాయలేరు. రెండో ఏడు కూడా ట్యాగ్ వేయాల్సి వచ్చిందంటే బేరం మొదటి ఏడే తప్పిందని అర్థం.

బజారులో కొనేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోండి. ఒప్పంద కాలం ముగిసి వచ్చినవాడిని తీసుకుంటే, మీ ఆటగాళ్లు బయటికి వెళ్లినందుకు మీకు పరిహారంగా రావాల్సిన అదనపు డ్రాఫ్ట్ ఎంపిక పోవచ్చు. పాత జట్టు వదిలేసినవాడిని తీసుకుంటే పోదు. ఇద్దరూ ఒకే స్థాయి అయితే రెండోవాడే మేలు. డ్రాఫ్ట్ ముగిసిన తర్వాతి సోమవారం దాటాక చేసుకునే ఒప్పందాలు కూడా ఆ లెక్కలోకి రావు. మే నెలలో అనుభవజ్ఞుల సంతకాలు జోరుగా సాగేది అందుకే.

అయిదో మెట్టు: ఆగస్టు నుంచి

ఆగస్టు చివర్లో ఒక్క రోజులో 90 మంది 53 అవుతారు. నాలుగు సీజన్లు పూర్తిచేసినవాడు వదిలేసిన వెంటనే స్వతంత్రుడు. అంతకంటే తక్కువ ఆడినవాడిని ముందు మిగతా 31 జట్లు, వేవర్స్ అనే పద్ధతిలో, తమకు కావాలని అడగొచ్చు. మీరు ప్రాక్టీస్ స్క్వాడ్‌లో దాచుకుందామనుకున్న కుర్రాడు పోయేది ఆ ఒక్క రోజులోనే. అందుకే ఇతర జట్లు కళ్లు వేసిన కుర్రాడిని 53లో ఉంచి, వేవర్స్ బెడద లేని అనుభవజ్ఞుడిని ముందే మాట్లాడుకుని ఒక రోజు బయట ఉంచుతారు. మర్నాడు ఎవరినైనా గాయాల జాబితాలో వేసి అతన్ని వెనక్కి తెస్తారు. ఇక్కడ నడిచేది మాట మీద నమ్మకమే. ఒకసారి మాట తప్పితే ఆ ఏజెంటు మళ్లీ ఒప్పుకోడు.

అనుభవజ్ఞుడు మొదటి వారం 53లో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏటి మిగతా జీతం కోరే హక్కు సాధారణంగా వస్తుంది. అనుమానమున్నవాళ్లను మొదటి మ్యాచ్ అయ్యాకే తీసుకోండి.

మ్యాచ్ రోజున ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇద్దరిని పైకి తేవచ్చు, ఒక్కొక్కరిని సీజన్‌లో మూడుసార్లే. దాడి వరసలో నిలబడే లైన్‌మెన్‌ను ఎనిమిది మందిని దింపితే 48 మంది ఆడొచ్చు, లేకపోతే 47. పైకి తెచ్చిన వారం అతనికి కనీస జీతంలో 18వ వంతు, అంటే 2025లో కొత్తవాడికైతే 46,667 డాలర్లు. మామూలు 13,000 పోను అదనం 33,667. వారానికి ఇద్దరి చొప్పున 17 మ్యాచ్‌లకు 11.4 లక్షలు. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ నవంబరులో 9 లక్షలు మిగిలిన జట్టుకు ఇది చిన్నది కాదు.

గాయాల జాబితాలో వేసినవాడు కనీసం నాలుగు మ్యాచ్‌లు బయట ఉండాలి. సీజన్‌లో ఎనిమిది సార్లు ఇలా వెనక్కి తెచ్చుకోవచ్చు. మూడు వారాల గాయానికి ఒకసారి వృథా చేస్తే డిసెంబరులో బాధపడతారు.

పద్దు బయట ఏ రహస్య చెల్లింపూ పెట్టుకోకండి. 1990ల చివర్లో చేసిన వాయిదా చెల్లింపులకు డెన్వర్ జరిమానాలతో పాటు రెండు మూడో రౌండ్ ఎంపికలు పోగొట్టుకుంది. క్యాప్ లేని 2010లోకే రాబోయే ఏళ్ల ఖర్చును తెచ్చి కుమ్మరించినందుకు 2012లో వాషింగ్టన్‌కు 3.6 కోట్లు, డాలస్‌కు 1 కోటి కోత పడింది.

సీజన్ చివర్లో మిగిలిన జాగాను వచ్చే ఏటికి మోసుకెళ్తున్నామని లీగ్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాన్ని అలాగే పోగేసుకుంటూ పోవడానికీ వీల్లేదు, 2024 నుంచి 2026 దాకా మూడేళ్లలో ప్రతి జట్టూ క్యాప్ మొత్తంలో కనీసం 90 శాతం నగదుగా ఖర్చు పెట్టాలి. ఆ కాగితం పంపిన రోజే వచ్చే మూడేళ్ల పట్టిక కొత్తగా గీయండి. ప్రతి పేరు ఎదురుగా హిట్, వదిలేస్తే పడే భారం, హామీ ముగిసే తేదీ, రోస్టర్ బోనస్ తేదీ రాయండి. ఫిబ్రవరిలో ఏజెంట్లు ఫోన్ చేసేసరికి ఆ నాలుగు గడులూ నిండి ఉండాలి.